రీకాంబినెంట్ హ్యూమన్ కేవీ 1.3 ప్రోటీన్: ఏ రూపం దేనికి పనికొస్తుంది, ఎక్కడ చెడుతుంది

కణం పొర గుండా పొటాషియం అయాన్లను దాటించే కేవీ 1.3 ఛానెల్‌కు జీన్ పేరు కేసీఎన్‌ఏ3. కేటలాగులో రీకాంబినెంట్ (జీన్ నుంచి ల్యాబులో తయారుచేయించిన) హ్యూమన్ కేసీఎన్‌ఏ3 అని వెతికితే ఒకే పేరు మీద నాలుగు రకాల సరుకు కనబడుతుంది. ఈ.కోలై బ్యాక్టీరియాలో తీసిన ముక్క ఒకటి. వీట్ జెర్మ్ (గోధుమ గింజ మొలక భాగం) సారంలో, కణాలే లేకుండా తయారుచేసిన పూర్తి నిడివి ప్రోటీన్ ఒకటి. వైరస్‌ను పోలిన రేణువుల పొర మీద, అంటే వీఎల్‌పీల మీద వచ్చేది ఇంకొకటి. హెచ్ఈకే 293 అనే మనిషి కణాల్లో తీసి, పొర ప్రోటీన్‌ను నీళ్లలో నిలబెట్టే డిటర్జెంట్‌లోనో, నానోడిస్క్ అనే చిన్న లిపిడ్ బిళ్లలోనో ఇచ్చేది నాలుగోది. అన్నింటి లేబుల్ మీదా అదే జీన్ పేరు, అదే యూనిప్రాట్ (ప్రోటీన్ల డేటాబేస్) సంఖ్య పి22001. ధరలకు మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. పేరు చూసి, ధర పోల్చి, చవకది ఆర్డర్ పెట్టే పద్ధతి మామూలు ఎంజైముల విషయంలో చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. ఈ నాలుగింటిలో కొన్నింటిని ఛానెల్ అనడానికే వీల్లేదు.

కేవీ 1.3 అంటే టి-కణాల (ఒక రకం రోగనిరోధక కణాల) పొటాషియం ఛానెల్. టి-కణాల్లో వోల్టేజితో తెరుచుకునే పొటాషియం ఛానెల్ ఉందని 1984లో ప్యాచ్ క్లాంప్‌తో, అంటే కణం పొర గుండా పారే కరెంట్ కొలిచే పద్ధతితో తేలింది. తర్వాతి కాలంలో ఎఫెక్టర్ మెమరీ టి-కణాల్లో ఇది బాగా పెరుగుతుందని తెలియడంతో సోరియాసిస్, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులకు మందు లక్ష్యమైంది. సముద్రపు ఎనిమోన్ విషం ఎస్‌హెచ్‌కే నుంచి పుట్టిన డలాజటైడ్ మనుషుల మీద పరీక్షలకూ వెళ్లింది. అందుకే దీనికి యాంటీబాడీలు, నానోబాడీలు (లామా యాంటీబాడీల చిన్న ముక్కలు), పెప్టైడ్లు వెతికే ల్యాబులకు ఈ ప్రోటీన్ అవసరం పడుతోంది.

వయల్‌లో ఏముందో అర్థం కావాలంటే ఛానెల్ నిర్మాణం కాస్త గుర్తుండాలి. ఒక్కో సబ్‌యూనిట్ 575 అమైనో ఆమ్లాలు, సుమారు 64 కిలోడాల్టన్లు. ఒక్కోదానికి పొర దాటే హెలిక్సులు ఆరు. మొదటి నాలుగు వోల్టేజిని పసిగట్టే భాగం, చివరి రెండూ రంధ్రం గోడ. నాలుగు సబ్‌యూనిట్లు ఒకచోట చేరితేనే మధ్యలో రంధ్రం ఏర్పడుతుంది. అంటే ఎస్‌హెచ్‌కే లాంటి విషం అతుక్కునే చోటు ఏ ఒక్క గొలుసులోనూ లేదు, నాలుగూ కలిసిన చోట ఉంది. కణం బయటికి కనిపించేవి చిన్న లూపులు మాత్రమే. ఎలుకల్లో కూడా వాటి వరుస దాదాపు ఇదే కాబట్టి ఎలుకలో మంచి యాంటీబాడీ పుట్టించడం కష్టం. కొన్ని బృందాలు కోళ్లనూ లామాలనూ వాడింది అందుకే.

ఇక సరుకు సంగతి.

ఈ.కోలై ముక్క

డేటాషీట్‌లో "పార్షియల్" అన్న మాట ఉంటుంది, కొన్నిసార్లు చాలా చిన్న అక్షరాల్లో. ఎక్కువగా ఇది కణం లోపలి వైపు ఉండే ఎన్-చివర లేదా సి-చివర భాగం, శుద్ధి కోసం తగిలించే ఆరు హిస్టిడిన్ల ట్యాగ్‌తో (హిస్ ట్యాగ్). పొర దాటే భాగం ఉండదు, రంధ్రం ఉండదు, విషం అతుక్కునే చోటు ఉండదు. వెస్టర్న్ బ్లాట్‌లో (జెల్ మీద విడదీసిన ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తించే పరీక్షలో) పాజిటివ్ కంట్రోల్‌గానో, లోపలి భాగం మీద పాలీక్లోనల్ యాంటీబాడీ తయారీకో, ఉన్న యాంటీబాడీ నిజంగా ఆ ముక్కనే పట్టుకుంటోందా అని చూసే బ్లాకింగ్ పరీక్షకో చక్కగా సరిపోతుంది. ఆ పనులకు ఇదే కొనాలి. అంతకంటే ఖరీదైనది కొనడం డబ్బు దండగ.

పొడిగా వచ్చిన వయల్ అయితే మూత తీయకముందు కాసేపు స్పిన్ చేయాలి. ట్రెహలోజ్ అనే చక్కెరతో కలిసి ఆరిన ఆ పొర తేలికగా ఊడి మూతకు అంటుకుని ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఎగిరిపోతే కంటికి కూడా కనిపించదు. 50 మైక్రోగ్రాములకు 100 మైక్రోలీటర్ల శుభ్రమైన నీళ్లు పోస్తే మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు వస్తుంది. దానికి తయారీదారు చెప్పిన మోతాదులో గ్లిజరాల్ కలిపి, చిన్న అలికాట్లు (ఒక్కసారికి సరిపడే వాటాలు) చేసి మైనస్ 80లో పెట్టాలి. గ్లిజరాల్ పోసిన తర్వాత గాఢత మారిందని ట్యూబు మీద రాయడం మరిచిపోతే, తర్వాత వాడేవాళ్లు సగం మోతాదే పూర్తి మోతాదు అనుకుంటారు.

ఒక జాగ్రత్త. ఈ ముక్కను టి-కణాల కల్చర్‌లో పోసి ఏదో స్పందన వచ్చిందని సంబరపడొద్దు. ఈ.కోలై నుంచి వచ్చిన ప్రోటీన్‌లో ఎండోటాక్సిన్, అంటే ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా గోడ పదార్థం ఉంటుంది. డేటాషీట్‌లో ఎండోటాక్సిన్ అంకె ఇవ్వలేదంటే కొలవలేదనే అనుకోవాలి. ఆ స్పందన ఎల్‌పీఎస్‌దే కావచ్చు.

వీట్ జెర్మ్ రూపం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గొలుసు మొత్తం ఉంటుంది, ఎక్కువగా జీఎస్‌టీ అనే ప్రోటీన్ ట్యాగ్‌తో వస్తుంది. కానీ పొర లేని చోట తయారైన ఆరు హెలిక్సుల ప్రోటీన్ సరిగ్గా మడతపడి నాలుగేసి జతకూడిందని నమ్మడానికి డేటాషీట్ ఏ ఆధారమూ చూపదు. ఎలైజా ప్లేటుకు పూయడానికీ బ్లాట్‌కూ వాడుకోవచ్చు. పూర్తి నిడివి అన్న మాటను చూసి పనిచేసే ఛానెల్ అనుకుని కొన్నవాళ్లు నష్టపోతారు.

నానోడిస్క్ రూపం: అసలు విలువ ఇక్కడుంది

మనిషి కణాల్లో తయారై, లిపిడ్ పొరలో నిలబడి, నాలుగు సబ్‌యూనిట్లూ కలిసి ఉన్న ప్రోటీన్ కావాలంటే ఇదే దారి. హెచ్ఈకే 293లో తీయడం వల్ల గ్లైకోసైలేషన్ (ప్రోటీన్‌కు చక్కెర గొలుసులు తగలడం) కూడా ఉంటుంది. జెల్ మీద 64 కిలోడాల్టన్ల దగ్గర గీత గీసినట్టు బ్యాండ్ రాకుండా, కాస్త పైకి సాగినట్టు మసగ్గా కనిపిస్తే అది లోపం కాదు.

డిస్క్ రెండు రకాలు. ఎంఎస్‌పీ అనే బెల్టు ప్రోటీన్ చుట్టుకున్నది ఒకటి, ఎస్ఎంఏ లాంటి పాలిమర్ చుట్టుకున్నది రెండోది. కొనేముందు ఇది ఏ రకమో తప్పనిసరిగా అడగాలి, ఎందుకంటే రెండూ చెడిపోయే తీరు వేరు.

పాలిమర్ డిస్క్‌కు కాల్షియం, మెగ్నీషియం పడవు. బైండింగ్ బఫర్‌లో ఇవి 5 మిల్లీమోలార్ దాటితే పాలిమర్ వాటిని పట్టుకుని తెల్లగా దిగిపోతుంది, దానితోపాటే ప్రోటీనూ. ఆమ్లం కూడా పడదు. పీహెచ్ 6.5 కిందికి వెళితే ఎస్ఎంఏ కరిగి ఉండదు. యాంటీబాడీ ఎండోసోమ్‌లో (కణం లోపలి ఆమ్లపు సంచిలో) ఛానెల్‌ను వదిలేస్తుందా అని పీహెచ్ 6.0 దగ్గర చూసేవాళ్లు ఈ రకాన్ని కొనకూడదు. ఇంకో ఇబ్బంది, ఎస్ఎంఏలోని స్టైరీన్ 260 నానోమీటర్ల దగ్గర బాగా శోషిస్తుంది. నానోడ్రాప్ అనే కాంతి శోషణ కొలిచే యంత్రం మీద 280 నానోమీటర్ల రీడింగ్ చూసి గాఢత లెక్కేస్తే లేని ప్రోటీన్ ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎంఎస్‌పీ డిస్క్‌కు ఈ బాధలు తక్కువ. దాని చిక్కు ట్యాగ్‌లో ఉంది. బెల్టు ప్రోటీన్‌ను కూడా చాలాచోట్ల హిస్ ట్యాగ్‌తోనే తీస్తారు. దాన్ని కోసి తీసేయకపోతే, హిస్ ట్యాగ్‌ను పట్టుకునే నికెల్ సెన్సర్ మీద ఛానెల్ ఉన్న డిస్కులూ ఖాళీ డిస్కులూ ఒకే రకంగా ఎక్కుతాయి. కొలిచేది ఛానెల్‌నా ఖాళీ లిపిడ్‌నా అన్నది తెలియకుండా పోతుంది. ఛానెల్‌కు ఫ్లాగ్ అనే వేరే ట్యాగ్, బెల్టుకు ఏ ట్యాగూ లేని సరుకు దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోవాలి.

లేబుల్ మీది గాఢతను కూడా జాగ్రత్తగా చదవాలి. నాలుగు సబ్‌యూనిట్లు కలిపి సుమారు 255 కిలోడాల్టన్లు. చుట్టూ రెండు బెల్టులు, ఒక్కోటి 25 నుంచి 30. అంటే మొత్తం ప్రోటీన్ బరువులో సుమారు ఐదో వంతు బెల్టుదే. ఖాళీ డిస్కులు మిగిలి ఉంటే ఆ వాటా ఇంకా పెరుగుతుంది. పైగా ప్రోటీన్ గాఢతను రంగుతో కొలిచే బీసీఏ పరీక్షలో ఫాస్ఫోలిపిడ్లు కూడా రంగు తెస్తాయి. అందుకని లేబుల్ మీది 0.5 మిల్లీగ్రాములు మొత్తం ప్రోటీనా, లక్ష్య ప్రోటీన్ ఒక్కటేనా అని రాతపూర్వకంగా అడగడం మంచిది. జవాబు రాకపోతే, గాఢత తెలిసిన బీఎస్‌ఏ (ఆవు సీరం ప్రోటీన్) మెట్లు వేసిన జెల్ పక్కన నడిపి బ్యాండ్ గాఢతను బట్టి అంచనా కట్టుకోవచ్చు. గ్లైకోసైలేషన్ వల్ల అది కూడా అంచనాయే, అయినా లేబుల్ కంటే నయం.

జెల్ మీద తెల్ల దారాలు

ఈ ప్రోటీన్ కొన్నవాళ్లు చేసే మొదటి పని ఎస్‌డీఎస్ జెల్, అంటే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో గొలుసులను విప్పి బరువును బట్టి విడదీయడం. అక్కడే మొదటి ఫిర్యాదు పుడుతుంది. శాంపిల్ బఫర్ కలపగానే ట్యూబులో తెల్లటి గుజ్జు తేలుతుంది, ప్రోటీన్ చెడిపోయిందని కంపెనీకి మెయిల్ వెళుతుంది. నిజానికి చెడిపోయింది ఏమీ లేదు. నిల్వ బఫర్‌లో 150 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. ఎస్‌డీఎస్ సోడియం లవణంగా కరుగుతుంది గానీ పొటాషియం లవణంగా మారితే గది ఉష్ణోగ్రత దగ్గర కరగదు. ఆ తెలుపు పొటాషియం డోడెసైల్ సల్ఫేట్. అయితే అలాగే లోడ్ చేస్తే లేన్ ఒంకరటింకరగా పోతుంది, ఎందుకంటే ఆ గుజ్జులో ప్రోటీన్ కూడా చిక్కుకుంటుంది. లోడ్ చేసే కొద్ది మైక్రోలీటర్లను సోడియం క్లోరైడ్ బఫర్‌తో కనీసం 10 రెట్లు పలుచన చేసి అప్పుడు శాంపిల్ బఫర్ కలిపితే చాలావరకు తీరిపోతుంది. శాంపిల్‌ను ఐసు మీద మాత్రం పెట్టొద్దు, చల్లదనానికి అది ఇంకా గట్టిపడుతుంది.

రెండో ఫిర్యాదు, బ్యాండే రాలేదని. వచ్చింది, చూడాల్సిన చోటు వేరు. 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు మరగబెడితే పొర ప్రోటీన్ల హెలిక్సులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద ముద్దలవుతాయి. అవి జెల్‌లోకి దిగవు, వెల్ అడుగునే నిలిచిపోతాయి. 37 డిగ్రీల దగ్గర 15 నుంచి 30 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. 64 పైన ఒక బ్యాండ్, 120 ప్రాంతంలో ఇంకోటి, ఆ పైన మరింత బరువైనవి కనిపించవచ్చు. సబ్‌యూనిట్లు పూర్తిగా విడిపోలేదని అర్థం. నాలుగూ కలిసే ఉన్నాయా అన్నది మాత్రం ఈ జెల్ చెప్పదు. శుద్ధత 90 శాతం అని సర్టిఫికెట్ మీద రాసి ఉన్నా, అది విప్పేసిన గొలుసుల శుద్ధత. మడత గురించి ఆ అంకె ఒక్క ముక్క కూడా చెప్పదు.

మడత గురించి చెప్పేవి రెండే. సైజు ఎక్స్‌క్లూజన్ (పరిమాణాన్ని బట్టి కాలమ్‌లో విడదీసే పద్ధతి) గ్రాఫ్ ఒకటి, విషం అతుక్కునే పరీక్ష ఒకటి. సూపరోజ్ 6 ఇంక్రీజ్ కాలమ్, 24 మిల్లీలీటర్లది అయితే, 8 మిల్లీలీటర్ల దగ్గర వాయిడ్‌లో (అన్నిటికంటే పెద్దవి ముందుగా వచ్చే చోట) పీక్ వస్తే అది అగ్రిగేట్, అంటే ప్రోటీన్ ముద్ద. దాని తర్వాత ఒకే ఒక్క పీక్, రెండు వైపులా సమంగా ఉంటే మంచి లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు). ఈ గ్రాఫ్‌ను ఆర్డర్ పెట్టకముందే, అదే లాట్‌ది, అడగాలి. కేటలాగులో వేసిన గ్రాఫ్ ఎన్నాళ్ల కిందటి లాట్‌దో తెలియదు. ఇవ్వమంటే తటపటాయించే అమ్మకందారు దగ్గర ఈ ప్రోటీన్ కొనకపోవడమే మేలు.

డిటర్జెంట్ రూపంలో పలుచన చేసేటప్పుడు

డీడీఎం అనే డిటర్జెంట్, సీహెచ్ఎస్ అనే కొలెస్ట్రాల్ రకం పదార్థం కలిపి ఇచ్చే రూపం నానోడిస్క్ కంటే కొంత చవక. చాలామంది దీన్ని చేతులారా పాడుచేసేది పలుచన దగ్గరే. లెక్క చూడండి. వయల్‌లో డీడీఎం 0.05 శాతం ఉంది. 10 మైక్రోలీటర్లు తీసి 990 మైక్రోలీటర్ల మామూలు పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్‌లో) కలిపారు. డీడీఎం ఇప్పుడు 0.0005 శాతం. మైసెల్స్, అంటే ప్రోటీన్‌ను చుట్టుకునే డిటర్జెంట్ గుంపులు నిలబడాలంటే కావలసింది సుమారు 0.009 శాతం. మైసెల్ విడిపోతుంది, హెలిక్సులు నీళ్లలో బయటపడతాయి, నిమిషాల్లో ప్రోటీన్ అగ్రిగేట్ అవుతుంది. కంటికి ఏమీ కనిపించదు, ద్రవం తేటగానే ఉంటుంది. ప్లేటు మీద మాత్రం సిగ్నల్ ఉండదు, లేదా యాంటీబాడీ ఏదైనా సరే అతుక్కుపోతుంటుంది. కాబట్టి పలుచన బఫర్‌లో, కడిగే బఫర్‌లో, యాంటీబాడీ బఫర్‌లో కూడా 0.02 నుంచి 0.03 శాతం డీడీఎం, దానికి తగ్గ సీహెచ్ఎస్ ఉండాలి. అతుక్కోవడాన్ని కొలిచే ఎస్‌పీఆర్ యంత్రం నడిచే బఫర్‌కూ ఇదే మాట. అంత డిటర్జెంట్ కొనాలి కాబట్టి, నానోడిస్క్ కంటే చవక అన్న లెక్క ఆఖరికి నిలబడకపోవచ్చు.

నానోడిస్క్‌లో ఈ గొడవ లేదు. కానీ నానోడిస్క్ ప్లేటును అలవాటు కొద్దీ ట్వీన్ 20 అనే డిటర్జెంట్‌తో కడిగితే లిపిడ్ పొర కరగడం మొదలవుతుంది. ట్వీన్ లేని బఫర్‌తోనే కడగాలి, బ్లాకింగ్‌కు 2 శాతం బీఎస్‌ఏ చాలు. వీఎల్‌పీలకు కూడా ఇదే.

పొటాషియం తగ్గితే ఒక ఇబ్బంది, పెరిగితే మరొకటి

రంధ్రంలో పొటాషియాన్నే ఎంచి పంపే సెలెక్టివిటీ ఫిల్టర్ తన ఆకారంలో నిలబడటానికి అందులో పొటాషియం అయాన్లు కూర్చుని ఉండాలి. మామూలు పీబీఎస్‌లో పొటాషియం 5 మిల్లీమోలార్ కూడా ఉండదు. రోజుల తరబడి నిల్వ ఉంచే బఫర్‌ను పీబీఎస్‌గా మార్చేయడం తప్పు. 2022లో వచ్చిన క్రయో-ఈఎం (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) నిర్మాణాల్లో విషం లేనప్పుడు కేవీ 1.3 ఫిల్టర్ పైభాగం మిగతా పొటాషియం ఛానెళ్లలా లేకుండా వెడల్పయి కనిపించింది, డలాజటైడ్ అతుక్కున్నాక అయాన్లు నడిచే మామూలు ఆకారానికి వచ్చింది. అంటే ఈ ఛానెల్ ఫిల్టర్ అసలే చంచలమైనది.

అయితే విషం బైండింగ్‌కు అదే పొటాషియం అడ్డు. ఎస్‌హెచ్‌కేలో 22వ స్థానంలోని లైసిన్ తన ధనావేశంతో నేరుగా రంధ్రంలోకి దిగుతుంది. పొటాషియం అయాన్ల కోసం ఉన్న చోటునే అది ఆక్రమిస్తుంది కాబట్టి ఉప్పు ఎక్కువైతే అతుక్కోవడం తగ్గుతుంది. నిల్వ 150 మిల్లీమోలార్ పొటాషియంలో, పరీక్ష తక్కువ ఉప్పులో అన్నది దీనికి సరైన పద్ధతి. 20 మిల్లీమోలార్ హెపెస్, పీహెచ్ 7.4, 50 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 5 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, 0.1 శాతం బీఎస్‌ఏ. బీఎస్‌ఏ తప్పనిసరి. ఈ విషాలు ధనావేశం ఉన్న చిన్న పెప్టైడ్లు, ప్లాస్టిక్‌కు అంటుకుని ట్యూబులోనే సగం పోతాయి.

ఫ్లోరెసెన్స్ పోలరైజేషన్‌కు, అంటే రంగు తగిలించిన అణువు ఎంత నెమ్మదిగా తిరుగుతోందో చూసే పరీక్షకు, ఈ జోడీ బాగా కుదురుతుంది. 35 అమైనో ఆమ్లాల ఎస్‌హెచ్‌కే 4 కిలోడాల్టన్లు, అతుక్కున్నాక 300 దాటిన ముద్దతో కలిసి తిరగాలి. తేడా స్పష్టంగా కనిపిస్తుంది. టెట్రామర్ (నాలుగు సబ్‌యూనిట్లు కలిసిన ఛానెల్) 10 నానోమోలార్, రంగు తగిలించిన విషం 1 నానోమోలార్, నల్లటి 384 వెల్ ప్లేటు, 20 మైక్రోలీటర్లు. ఇలా చేస్తే వెల్‌కు సుమారు 50 నానోగ్రాముల ఛానెల్ ఖర్చవుతుంది. 10 మైక్రోగ్రాముల వయల్ అంటే 200 వెల్స్, సగం ప్లేటు. ట్యూబు గోడలకు అంటుకునేది, పిపెట్ మొనలో మిగిలేది తీసేస్తే అది కూడా రాదు. పెద్ద స్క్రీనింగ్ చేయాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఇక్కడొక పొరపాటు చాలా తరచుగా కనిపిస్తుంది. కణాల మీద ఎస్‌హెచ్‌కే కేవీ 1.3ని 10 పికోమోలార్ ప్రాంతంలోనే ఆపేస్తుందని తెలుసు. ఈ పరీక్షలో ఐసీ50 (సిగ్నల్‌ను సగానికి తగ్గించే, రంగు లేని విషం గాఢత) 19 నానోమోలార్ ప్రాంతంలో వస్తుంది. దాదాపు 2000 రెట్లు బలహీనం, ప్రోటీన్ చెడిపోయింది అని తీర్మానించేస్తారు. వెల్‌లో 10 నానోమోలార్ ఛానెల్ పోసినప్పుడు, రంగు విషంలో సగం విడిగా ఉండాలంటే మొత్తం విషం ఛానెల్‌కు రెట్టింపు, అంటే 20 నానోమోలార్ కావాలి, అందులో 1 రంగు విషానిదే. ఛానెల్ అంతా పనిచేస్తుంటే ఐసీ50 మిగిలిన 19 కంటే కిందికి రావడం సాధ్యం కాదు. అక్కడ కనిపించింది అఫినిటీ (అతుక్కునే బలం) కాదు, మీరు పోసిన ఛానెల్ మోతాదు. నిజానికి ఇది మంచి వార్త. ఐసీ50 ఆ లెక్క దగ్గరే పడిందంటే వయల్‌లోని టెట్రామర్లలో ఎక్కువ భాగం విషాన్ని పట్టుకునే స్థితిలో ఉన్నట్టే. 19 బదులు 3 వచ్చిందంటే ఐదింట నాలుగు వంతులు పనికిరానివన్న అనుమానం పెట్టుకోవాలి. లేబుల్‌ను సరిచూసే పద్ధతుల్లో నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే.

ఈ విషం ఒకసారి అతుక్కుంటే త్వరగా వదలదు. రంగు విషాన్ని ముందు కలిపేసి, తర్వాత పోటీ పదార్థం పోస్తే సమతుల్యతకు చాలాసేపు పడుతుంది. అన్నీ ఒకేసారి కలిపి, కనీసం గంట ఆగి చదివి, ఇంకో గంటకు మళ్లీ చదవాలి. అంకె కదులుతూనే ఉంటే ఇంకా ఆగాలి. మార్గటాక్సిన్ అనే తేలు విషం వాడితే అది కేవీ 1.1, కేవీ 1.2లను కూడా పట్టుకుంటుందని గుర్తుంచుకోవాలి. విషం అతుక్కుందన్నంత మాత్రాన వయల్‌లో ఉన్నది కేవీ 1.3 అని రుజువు కాదు.

వీఎల్‌పీ గురించి

జంతువులకు ఎక్కించి యాంటీబాడీలు పుట్టించాలంటే నేను దీనికే ఓటేస్తాను. 100 నుంచి 150 నానోమీటర్ల రేణువు మీద ఛానెల్ కణం మీద ఉన్నట్టే, సొంత పొరలో నిలబడి ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థకు రేణువులంటే బాగా కనబడతాయి. కానీ ఆ పొర హెచ్ఈకే కణం పొర. దాని మీద ఆ కణానికి చెందిన వందల ప్రోటీన్లూ, లోపల రేణువును కట్టే గ్యాగ్ అనే వైరస్ ప్రోటీనూ ఉంటాయి. పుట్టే యాంటీబాడీల్లో వాటి మీదివే ఎక్కువ. ఖాళీ వీఎల్‌పీ, అదే కంపెనీది, అదే గాఢతలో పక్కన పెట్టకుండా వీఎల్‌పీ ఎలైజా చేయడంలో అర్థం లేదు. ఆ ఖాళీ వయల్‌కు వేరే డబ్బు అడుగుతారు, ఇచ్చి తీరాలి.

ఫేజ్ డిస్‌ప్లేకు (బ్యాక్టీరియా వైరస్‌ల మీద యాంటీబాడీల లైబ్రరీ పెట్టి వెతికే పద్ధతికి) మాత్రం నానోడిస్కే మేలు. ప్రతి రౌండ్‌లో ముందు ఖాళీ డిస్కుల మీద లైబ్రరీని వడకట్టి, మిగిలినదాన్ని ఛానెల్ మీదికి పంపాలి. మొదటి రౌండ్‌కు 100 నానోమోలార్‌తో మొదలుపెట్టి తర్వాత తగ్గించుకుంటూ పోవచ్చు. ఆఖరి రౌండ్ కేవీ 1.3 ఉన్న సజీవ కణాల మీద జరగాలి. డిస్క్ అంచును పట్టుకునే క్లోన్లు అక్కడ రాలిపోతాయి. ప్రోటీన్‌ను పట్టి నిలపడానికి వాడే బయోటిన్ అనే చిన్న అణువును ఎన్‌హెచ్ఎస్ రసాయనంతో తగిలించేటప్పుడు అది బయటి లూపుల్లోని లైసిన్ల మీదా కూర్చుంటుంది, మీకు కావలసిన ఎపిటోపే (యాంటీబాడీ పట్టుకునే చోటే) కప్పబడిపోవచ్చు. ఏవీ (Avi) అనే ట్యాగ్ మీద ఎంజైముతో బయోటిన్ పెట్టిన వయల్ దొరికితే అదే కొనండి.

దేనికి అసలు కొనకూడదు

కరెంట్ కొలవడానికి. ఈ నాలుగు రూపాల్లో ఏదీ నేరుగా విద్యుత్ కొలతకు పనికిరాదు. నానోడిస్క్‌కు లోపల, బయట అనే రెండు గదులు లేవు. రెండు వైపులా ఒకే ద్రవం, వోల్టేజి పెట్టే చోటే లేదు. కరెంట్ చూడాలంటే ప్రోటీన్‌ను లైపోజోముల్లోకో బ్లాక్ లిపిడ్ పొరలోకో తిరిగి కూర్చాలి. అదొక ప్రత్యేక విద్య. లేదంటే కేవీ 1.3 స్థిరంగా ఉన్న కణాల లైన్ కొని ప్యాచ్ క్లాంప్ చేయాలి. ఎక్కువ ల్యాబులకు రెండోదే దారి.

ఇదే మాట హెచ్ఈఆర్‌జీ (గుండె కణాల పొటాషియం ఛానెల్, జీన్ పేరు కేసీఎన్‌హెచ్2) వయల్ కొనే ఫార్మా ల్యాబులకు ఇంకా గట్టిగా చెప్పాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కల మందుల తయారీలో ఉన్నవాళ్లకు హెచ్ఈఆర్‌జీ పరీక్ష కొత్త కాదు. టెర్ఫెనడీన్ లాంటి మందులు గుండె లయను చెడగొట్టి మార్కెట్ నుంచి పోయాక, 2005 నాటి ఐసీహెచ్ (మందుల నియమాలను సమన్వయించే అంతర్జాతీయ సంస్థ) ఎస్7బి మార్గదర్శకం ఈ పరీక్షను తప్పనిసరి అలవాటు చేసింది. అది అడిగేది కరెంట్ ఎంత తగ్గిందన్న కొలత. రీకాంబినెంట్ కేసీఎన్‌హెచ్2 ముక్క వయల్ ఎంత శుద్ధమైనదైనా ఆ ప్రశ్నకు జవాబివ్వలేదు.

సరుకు చేరే దాకా, చేరాక

ద్రవ రూపం డ్రై ఐస్ మీద వస్తుంది. మామూలు థర్మోకోల్ పెట్టెలో రోజుకు 2 నుంచి 4 కిలోల డ్రై ఐస్ ఆవిరైపోతుంది. శంషాబాద్‌లో కస్టమ్స్ కాగితాలు ఒక శనివారం, ఆదివారం ఆగాయంటే ఏప్రిల్ ఎండల్లో పెట్టె అడుగున ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు. వారం మొదట్లో బయల్దేరేలా, దారిలో డ్రై ఐస్ నింపే కొరియర్‌తో, పెట్టెలో టెంపరేచర్ లాగర్ ఉండేలా ఆర్డర్‌లోనే రాయించాలి. పండగ సెలవుల వారం వద్దు.

పెట్టె బాగానే వచ్చినా ఒక ప్రమాదం ఉంది, చాలామందికి తెలియదు. డ్రై ఐస్ అంటే కార్బన్ డయాక్సైడ్. మూత బిగువు సరిగా లేని ట్యూబులోకి ఆ వాయువు చేరుతుంది. వెంటనే కరిగిస్తే అది బఫర్‌లో కలిసి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. ఎస్ఎంఏ డిస్క్ అయితే ఇదొక్కటే చాలు, మొత్తం దిగిపోవడానికి. వచ్చిన వయల్‌ను ముందు మైనస్ 80లో ఒకరోజు ఉంచి, ఆ వాయువు పోయాక ఐసు మీద కరిగించాలి.

కరిగించాక వోర్టెక్స్ చేయొద్దు, బుడగలు రానివ్వొద్దు. వేళ్లతో మెల్లగా తట్టి, చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా 10 నిమిషాలు తిప్పితే అగ్రిగేట్ ఉంటే అడుగున చేరుతుంది. వీఎల్‌పీలకు ఈ తిప్పుడు వద్దు, అవే దిగిపోతాయి. పై ద్రవాన్ని 5, 10 మైక్రోలీటర్ల అలికాట్లుగా, ప్రోటీన్ తక్కువగా అంటుకునే ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టాలి. తనంతట తాను మంచు కరిగించుకునే మైనస్ 20 ఫ్రీజర్‌లో పెడితే అది మంచు కరిగించుకున్నప్పుడల్లా మీ ప్రోటీన్ కూడా కాస్త కరిగి మళ్లీ గడ్డకడుతుంది. ఒకసారి కరిగించిన అలికాట్‌ను 4 డిగ్రీల దగ్గర ఉంచి ఆ వారంలోనే వాడెయ్యాలి.

మ్యుటెంట్ కొనేవాళ్లు నంబర్ల దగ్గర జాగ్రత్తపడాలి. పాత పరిశోధన పత్రాల్లో కేవీ 1.3 గొలుసును 523 అమైనో ఆమ్లాలుగా లెక్కపెట్టారు, యూనిప్రాట్‌లో 575. తేడా 52. రంధ్రం మొదట్లో ఉండే, ఛానెల్ ఎంత త్వరగా మూతపడుతుందో నిర్ణయించే హిస్టిడిన్ పాత లెక్కలో 399, కొత్త లెక్కలో 451. ఆర్డర్‌లో ఒక్క అంకె రాసి ఊరుకోకుండా, అటూ ఇటూ నాలుగైదు అమైనో ఆమ్లాల వరుస కూడా రాసి పంపితే వేరే చోట మార్పు చేసిన ప్రోటీన్ చేతికొచ్చే ప్రమాదం ఉండదు.

ఆఖరిగా లాట్ విషయం. పొర ప్రోటీన్లలో ఒక లాట్‌కూ ఇంకో లాట్‌కూ పనిచేసే టెట్రామర్ల శాతం మారుతుంది, లేబుల్ మీద మిల్లీగ్రాములు అవే ఉన్నా. పని ఏడాది పొడవునా సాగేదైతే ముందు ఒక చిన్న వయల్ తెప్పించి విషం పరీక్ష చేసి, నచ్చితే అదే లాట్‌లో మిగతా వయల్స్ మీకోసం ఆపమని అడగండి. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. కొత్త లాట్ వచ్చిన రోజున పాతదాని చివరి అలికాట్ ఒకటి ఫ్రీజర్‌లో మిగిలి ఉండేలా చూసుకోండి. రెండింటినీ ఒకే ప్లేటు మీద పక్కపక్కన నడిపితేనే తేడా బయటపడుతుంది.